పిల్లల చేత కంప్యూటర్ విప్పించడం: విశాఖ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ద్వారకానగర్‌లో ఒక చిన్న షాపులో ఇరవై ఏళ్ళ పైచిలుకు కంప్యూటర్లు బాగుచేశాను. ఇప్పుడు ఆదివారం పొద్దుట మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చాప పరిచి, పిల్లల చేత అవే కంప్యూటర్లు విప్పిస్తున్నాను. కొత్తగా పిల్లల్ని తెచ్చే అమ్మానాన్నలు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతి వారం లిఫ్టు దగ్గర నిలబడి చెప్పిందే చెప్పే బదులు రాసి పెట్టమని మా ఆవిడ పోరు పెట్టింది. రాశాను.

మా పాపకి ఆరేళ్ళు. ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

స్క్రూ తిప్పడం వస్తే మొదలుపెట్టొచ్చు. కొందరికి ఆరేళ్ళకే వస్తుంది, ఎనిమిదేళ్ళకి దాదాపు అందరికీ వచ్చేస్తుంది. ఆరు నిండని పిల్లల్ని నేను కూర్చోబెట్టుకోను. వాళ్ళకి అర్థం కాదని కాదు, స్క్రూ నోట్లో పెట్టుకుంటారని భయం.

స్కూలు పుస్తకంలో బొమ్మలున్నాయి కదా. విప్పించడం ఎందుకు?

పుస్తకంలో నాలుగు బొమ్మలుంటాయి: మానిటర్, కీబోర్డు, మౌస్, సీపీయూ. బాణం గీసి పేరు రాయమంటారు. పిల్లలు రాసేస్తారు, మార్కులు వచ్చేస్తాయి. అదే పిల్లాణ్ణి పిలిచి, "పాట వస్తుండగా మానిటర్ ఆపేస్తే పాట ఆగిపోతుందా?" అని అడగండి. ఆగిపోతుందనే చెప్తాడు చాలాసార్లు. పేరు నోటికొచ్చింది గానీ ఆ వస్తువు ఏం పని చేస్తుందో వాడికి తెలీదు.

నా దగ్గర పెద్ద సిలబస్ ఏమీ లేదు. ఒకటే ప్రశ్న: "ఇది లేకపోతే ఏమవుతుంది?" ఇంట్లో ఎవరు ఎంత పని చేస్తారో వాళ్ళు ఊరెళ్ళినప్పుడే కదా తెలిసేది. అమ్మ రెండు రోజులు శ్రీకాకుళం వెళ్తే ఇల్లు ఎలా ఉంటుందో ఏ పిల్లాడికీ పాఠం చెప్పక్కర్లేదు. కంప్యూటర్‌లోనూ అంతే. ఒక్కొక్కటీ తీసేసి, ఆన్ చేసి, ఏది ఆగిపోయిందో, ఏది ఆగలేదో చూడాలి. పేరు ఆ తర్వాత చెప్తే చాలు, మరిచిపోరు.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది, ఫోన్లున్నాయి. పాత డెస్క్‌టాపే కావాలా?

డెస్క్‌టాపే కావాలి. ఫోన్‌లోనూ పని చేసే ప్రాసెసర్ ఉంది, పని జరుగుతుండగా వాడుకునే మెమరీ (అదే ర్యామ్) ఉంది, దాచుకునే స్టోరేజ్ ఉంది. కానీ అన్నీ ఒకే చిన్న బోర్డు మీద అతికించేసి ఉంటాయి, ఒకటి తీస్తే మళ్ళీ పెట్టలేం. ఈమధ్య చాలా ల్యాప్‌టాపుల్లో ర్యామ్ కూడా బోర్డుకే టంకం వేసి వస్తోంది. డెస్క్‌టాప్ మన పాతకాలపు వంటిల్లు లాంటిది. దేని చోటు దానికి ఉంటుంది, చెయ్యి పట్టేంత ఖాళీ ఉంటుంది.

మాకు వచ్చే ఒక పిల్లాడు క్యాబినెట్‌లోకి, అంటే కంప్యూటర్ డబ్బాలోకి తొంగిచూసి "కుర్సురా లోపల లాగుంది మాస్టారూ" అన్నాడు. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఆ జలాంతర్గామిలోకి వెళ్ళినవాళ్ళకి ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. అడుగడుక్కీ వైర్లు, మీటర్లు, గొట్టాలు. ఏది ఎందుకుందో తెలీకపోయినా, ఊరికే పెట్టింది ఒక్కటీ లేదని మాత్రం తెలుస్తుంది.

అలాంటి పాత కంప్యూటర్ ఎక్కడ దొరుకుతుంది?

ముందు మీ ఇంటి అటక మీద చూడండి. తర్వాత చుట్టాల ఇళ్ళ అటకలు. అక్కడా లేకపోతే సర్వీసింగ్ షాపుల్లో, పాత సామాన్ల దుకాణాల్లో అడగండి. పూర్తిగా చచ్చిపోయింది కాకుండా, నత్తలా నడిచేదైనా సరే, ఆన్ అయ్యేది తీసుకోండి. తీసి చూసే ఆట చచ్చిన మెషీన్‌తో సాగదు. మానిటర్ పల్చటిదై ఉండాలి. వెనక పెద్ద మూపురం ఉన్న పాత డబ్బా మానిటర్ ఊరికే ఇస్తామన్నా వద్దనండి. ఎందుకో కింద చెప్తాను.

విప్పేటప్పుడు ప్రమాదం లేదా?

ఉంది. ఈ ఒక్క జవాబూ చదవకుండా స్క్రూడ్రైవర్ పిల్లల చేతికి ఇవ్వకండి.

స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్గు పీకి, ఆ వైరు పిల్లల కళ్ళెదుటే చుట్టి దూరంగా పెట్టండి. ఆ తర్వాత క్యాబినెట్ మీది పవర్ బటన్‌ను ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కాస్త కరెంటూ పోతుంది. మా సెల్లార్‌లో ఆ చుట్టిన వైరు పట్టుకుని కూర్చోవడం ఒక ఉద్యోగం. ప్రతి వారం ఒక పిల్లో పిల్లాడో 'కరెంటు ఆఫీసర్'. ఆ ఆఫీసర్ చేతిలో వైరు ఉంటేనే మిగతావాళ్ళు లోపల చెయ్యి పెట్టాలి. ఈ ఉద్యోగం కోసం కొట్టుకుంటారు కూడా.

ఎస్‌ఎంపీఎస్ అని ఒక ఇనుప పెట్టె ఉంటుంది, ప్లగ్గు వైరు వచ్చి తగిలేది దానికే. ఇంటి గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని 12, 5, 3.3 వోల్టులకు దించి లోపల అందరికీ పంచుతుంది. దాని లోపలి కెపాసిటర్లు ప్లగ్గు పీకేశాక కూడా 300 వోల్టులకు పైగా కరెంటు దాచుకుని ఉండొచ్చు. ఆ పెట్టెను మొత్తంగా ఊడదీయొచ్చు, చేత్తో పట్టుకుని చూడొచ్చు. దాని మూత మాత్రం విప్పకూడదు. నేను దాని మీద ఎర్ర మార్కర్‌తో పెద్ద ఇంటూ కొట్టి పెడతాను. పాత డబ్బా మానిటర్ వద్దన్నది కూడా ఇందుకే. దాని పిక్చర్ ట్యూబులో నిలిచేవి వేల వోల్టులు.

మిగతా పార్టులన్నీ తగులుకునే పెద్ద బోర్డు, అంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా మెరిసే ఒక సెల్ ఉంటుంది, దాని మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది. కరెంటు కంటే నాకు దీనంటేనే టెన్షన్. చిన్నపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి కండని కాల్చేయగలదు. మీ ఇంట్లో ఇంకా చిన్న తమ్ముడో చెల్లో ఉంటే, విప్పేముందు ఈ సెల్ మీరే తీసి జేబులో వేసుకోండి. మింగారని అనుమానం వచ్చినా సరే, ఇంట్లో వైద్యాలు చేయకుండా, వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇక క్యాబినెట్ రేకు అంచులు బ్లేడులా కోస్తాయి. పక్క మూత మీరే తీసి, అంచులకి టేపు అంటించండి.

స్టాటిక్ కరెంటు వల్ల పార్టులు పోతాయట కదా అని ఇంటర్నెట్ చూసినవాళ్ళు అడుగుతారు. నిజమే గానీ అది పొడిగాలి ఊళ్ళలో ఎక్కువ. మన ఉక్కలో తక్కువ. ముందు క్యాబినెట్ రేకు ముట్టుకుని, ఆ తర్వాత పార్టు ముట్టుకోమనండి, చాలు.

ఏమేం సామాన్లు కావాలి?

ఒక స్టార్ స్క్రూడ్రైవర్, పెయింట్ బ్రష్, పెన్సిల్ చెరిపే రబ్బరు, ఒక ఇడ్లీ ప్లేటు. నవ్వకండి. ఏ పార్టు స్క్రూలు ఆ గుంటలో వేస్తే తిరిగి బిగించేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు. మా ఇంట్లో ఒక ఇడ్లీ ప్లేటు ఈ విధంగా శాశ్వతంగా వంటింటికి దూరమైంది.

మొదటి రోజు ఏం చూపించాలి?

మూత తీసిన కంప్యూటర్‌ను ఆన్ చేసి, పిల్లల్ని రెండడుగులు వెనక్కి కూర్చోబెట్టి చూడమనండి. ఫ్యాన్ తిరుగుతుంది, ఎక్కడో చిన్న లైటు వెలుగుతుంది, హార్డ్ డిస్క్ కిరకిరమంటుంది. అది చూశాక ఆపేసి, వైరు ఆఫీసర్ చేతికిచ్చి, ఆట మొదలు.

ముందు కీబోర్డు పీకి, మళ్ళీ ఆన్ చేయాలి. పాత మెషీన్ అయితే తెర మీద ఒక గొప్ప వాక్యం రావచ్చు: కీబోర్డు కనపడటం లేదు, ముందుకెళ్ళాలంటే ఎఫ్1 నొక్కండి. దాన్ని తెలుగులో చదివి చెప్పగానే పిల్లలు దొర్లి దొర్లి నవ్వుతారు. "లేని కీబోర్డు మీద ఏటి నొక్కుతాం మాస్టారూ?" కంప్యూటర్ ఆలోచించి మాట్లాడటం లేదని, ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన మాటని చూపిస్తోందని చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

తర్వాత ర్యామ్ తీస్తాం. ఫ్యాన్ తిరుగుతుంది కానీ తెర నల్లగా ఉండిపోతుంది. లోపల చిన్న స్పీకర్ ఉంటే బీప్ బీప్ అని ఏడుస్తుంది. ర్యామ్ పెట్టేసి హార్డ్ డిస్క్ తీస్తాం. ఈసారి తెర వెలుగుతుంది, కంపెనీ బొమ్మ వస్తుంది, ఆ తర్వాత డిస్క్ దొరకలేదని నాలుగు తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోతుంది. లేచింది గానీ, తను ఎవరో తనకి గుర్తులేదన్నమాట.

చివర్లో ఆ రూపాయి బిళ్ళ సెల్ తీసి, పది నిమిషాలాగి పెడితే తేదీ ఎప్పటికో వెళ్ళిపోతుంది. ఒకసారి మా మెషీన్ 2009 జనవరి అని చూపించింది. తొమ్మిదేళ్ళ పాప ఒకతి సీరియస్‌గా తెర వంక చూసి, "అయితే నేనింకా పుట్టలేదు" అంది. కంప్యూటర్ ఆపేసినా, కరెంటు పోయినా గడియారం నడవడానికి ఆ 3 వోల్టుల సెల్ ఎందుకుందో ఆ పాపకి మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

ప్రతిసారీ తీసేముందు ప్లగ్గు పీకాల్సిందే. ఒక్క ప్రాసెసర్ మీది ఫ్యాన్‌ను మాత్రం తీసి ఆన్ చేయకండి. అది వేడెక్కి ఆగిపోతుంది, ఒక్కోసారి పోతుంది కూడా.

సీపీయూ అంటే ఆ పెద్ద డబ్బాయేనా?

కాదు. కానీ తప్పు మనందరిదీ. "సీపీయూ ఆటోలో వేసుకుని రండి" అని నేనే షాపులో కొన్ని వేలసార్లు అనుంటాను. డబ్బా పేరు క్యాబినెట్. అసలు సీపీయూ అంటే ప్రాసెసర్, మారీ బిస్కెట్ కంటే చిన్నది. ఫ్యాన్ కింద, అల్యూమినియం దిమ్మ కింద, తెల్లటి పేస్టు పూసుకుని దాక్కుని ఉంటుంది. ఆ పేస్టు ప్రాసెసర్ వేడిని దిమ్మలోకి పంపడానికి. పిల్లలు వేలు పెట్టకుండా చూడండి.

దాని ముందు ఒక్క నిమిషం ఆగండి. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ అంటే దానిలోని గడియారం సెకనుకి 300 కోట్లసార్లు టిక్కుమంటుంది. 1971లో ఇంటెల్ అమ్మిన 4004 అనే చిప్‌లో 2,300 ట్రాన్సిస్టర్లుండేవి. ఇప్పటి చిప్‌లలో వందల కోట్లు, వేల కోట్లు. ట్రాన్సిస్టర్ అంటే పిల్లలకి స్విచ్ అని చెప్పండి. అంతకంటే లోతు ఈ వయసులో అక్కర్లేదు.

పరీక్షలో డబ్బా బొమ్మ ఇచ్చి పేరు రాయమంటే? పుస్తకంలో ఏముంటే అదే రాయమనండి. మార్కులతో గొడవెందుకు.

ర్యామ్‌కీ హార్డ్ డిస్క్‌కీ తేడా ఎన్నిసార్లు చెప్పినా మావాడికి ఎక్కడం లేదు.

మీవాడికే కాదు, పెద్దవాళ్ళకీ ఎక్కదు. "ఫోన్‌లో మెమరీ నిండిపోయింది" అని మనం రెండింటినీ కలిపేసి మాట్లాడతాం.

సాయంత్రం బీచ్‌కి తీసుకెళ్ళి మురీ మిక్చర్ బండి దగ్గర నిలబెట్టండి. బండాయన చేతులు ప్రాసెసర్. ఎదురుగా పలక మీద తరిగిన ఉల్లిపాయలు, టమాటాలు, నిమ్మచెక్కలు, కారం డబ్బా ఉంటాయి చూశారా, అది ర్యామ్. చెయ్యి చాపితే అందాలి, అందుకే అక్కడున్నాయి. బండి కింద మరమరాల బస్తా, ఇంటి దగ్గర ఇంకో రెండు బస్తాలు హార్డ్ డిస్క్. పలక పెద్దదైతే ఒకేసారి నలుగురికి కలిపి ఇవ్వగలడు. చిన్నదైతే ప్రతిదానికీ వంగి కిందనుంచి తీసుకోవాలి, జనం నిలబడిపోతారు. కంప్యూటర్ స్లో అయిందని మనం అనేది చాలాసార్లు ఈ వంగడం గురించే. రాత్రి పదింటికి బండి కట్టేసేటప్పుడు పలక తుడిచేస్తాడు. బస్తా బస్తాగానే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు జరిగేదీ అంతే. సేవ్ కొట్టడం అంటే పలక మీది సరుకుని తుడిచేసేలోగా కింద బస్తాలో పోయడం.

ఒక్క చోట ఈ పోలిక సరిపోదు. బండి మీద ఉల్లిపాయ పెట్టినచోటే ఉంటుంది, ర్యామ్‌లో రాసింది ఉండదు. అందులో ఒక్కో గుర్తూ బొట్టంత కరెంటుగా ఉంటుంది, అది కారిపోతూనే ఉంటుంది. అందుకే ప్రతి 64 మిల్లీసెకన్లలోపు, అంటే సెకనుకి పదిహేనుసార్లకు పైనే, అంతా చదివి మళ్ళీ రాసుకుంటుంది. మర్చిపోకుండా గొణుక్కుంటూ కూర్చుంటుందని చెప్తే పిల్లలకి భలే నచ్చుతుంది. ఎక్కాలు వాళ్ళూ అలాగే కదా.

హార్డ్ డిస్క్ సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక, మా షాపులో కరెంటు రాకముందే జనం వచ్చారు. ఒకాయన నీళ్ళు కారుతున్న క్యాబినెట్‌ను దుప్పట్లో చుట్టుకుని మోసుకొచ్చాడు. కంప్యూటర్ పోయినా పర్లేదు, అమ్మాయి పెళ్ళి ఫోటోలు కావాలన్నాడు. ఆ తడి మెషీన్‌కి కరెంటు పెట్టొద్దని చెప్పి, హార్డ్ డిస్క్ ఒక్కటీ ఊడదీసి రోజుల తరబడి ఆరబెట్టాను. కరెంటు వచ్చాక వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే ఫోటోలన్నీ వచ్చాయి. మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ మాత్రం పోయాయి. కంప్యూటర్ పోవడం వేరు, దాచుకున్నది పోవడం వేరని పిల్లలకి చెప్పాలంటే నాకు ఆ దుప్పటే గుర్తొస్తుంది. ఇదే అదృష్టం అందరికీ ఉండదు, అందుకే ముఖ్యమైనవి రెండుచోట్ల దాచుకోవాలి.

పాడైన హార్డ్ డిస్క్ దొరికితే తప్పకుండా విప్పించండి. లోపల అద్దంలా మెరిసే పళ్ళెం కనిపిస్తుంది. కొన్నిటిలో ఆ పళ్ళెం గాజుది, కాబట్టి వంచనివ్వకండి. చాలా డెస్క్‌టాప్ డిస్కులు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి, అంటే సెకనుకి 120 చుట్లు. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో కూడా నిమిషానికి నాలుగొందల చుట్లు దాటడం అరుదు. 1956లో ఐబీఎమ్ తెచ్చిన మొదటి హార్డ్ డిస్క్‌లో ఇలాంటి పళ్ళేలు 50, ఒక్కోటి రెండడుగుల వెడల్పు. బీరువాలంత ఆ యంత్రంలో పట్టింది దాదాపు 5 ఎంబీ. మీ ఫోన్‌లో తీసిన ఒకటి రెండు ఫోటోలు.

హార్డ్ డిస్క్ బదులు ఇప్పుడు వచ్చే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ ఉండదు, అంతా చిప్పులే. విప్పితే చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, పిల్లలు నిరాశ పడతారు.

మదర్‌బోర్డుని ఎలా చెప్పాలి?

మిగతావన్నీ దానికే తగులుకుని ఉంటాయి, వాటి మధ్య మాటలన్నీ దాని మీది రాగి గీతల్లోంచే నడుస్తాయి. జగదాంబ జంక్షన్ అనండి చాలు.

కీబోర్డు మీద అక్షరాలు ఏబీసీడీ వరసలో ఎందుకు లేవు?

ఆ వరస 1870లలో అమెరికాలో అమ్మిన టైప్‌రైటర్లది. టైపు చేసే వేగం తగ్గించడానికే అలా పెట్టారని ఒక కథ బాగా తిరుగుతుంది. చరిత్రకారులు దాని మీద ఇంకా వాదించుకుంటున్నారు. చేతులకి అలవాటైపోయింది కాబట్టి మిగిలిపోయింది, అది మాత్రం ఖాయం. ఎఫ్, జె మీటల మీద చిన్న గీత తగులుతుంది, కళ్ళు మూసుకుని వెతకమనండి. చూపుడు వేళ్ళ చోటు అదే.

అసలు సరదా తెలుగు దగ్గర ఉంది. "అమ్మ" అని టైపు చేయించి, ఇందులో అక్షరాలెన్ని అని అడగండి. రెండు అంటారు. కంప్యూటర్ మాత్రం నాలుగంటుంది: అ, మ, పొల్లు, మళ్ళీ మ. ఒత్తు అంటూ విడిగా ఏమీ దాచుకోదు. పొల్లు పక్కన మ వస్తే దాన్ని కింద ఒత్తుగా గీయాలని ఫాంటుకి తెలుసు. అక్షరాల్ని దాచడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకీ 3 బైట్లు. అంటే అమ్మకి 12 బైట్లు. అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 4 బైట్లు చాలు.

బైటు అంటే ఏమిటని అక్కడ అడుగుతారు. ఎనిమిది మంది పిల్లల్ని వరసగా నిలబెట్టండి. ఒక్కొక్కరూ ఒక స్విచ్, అంటే ఒక బిట్. లేచి నిలబడితే 1, కూర్చుంటే 0. ఎనిమిది మంది కలిసి లేవడంలో, కూర్చోవడంలో ఎన్ని రకాలుగా ఉండొచ్చు? 256. ఒక వరస ఒక బైటు. మా సెల్లార్‌లో ఎనిమిది మంది దొరకని వారం వాచ్‌మన్‌గారూ ఒక బిట్‌గా నిలబడతారు. ఇలా 12 వరసలు, అంటే 96 మంది లేచి కూర్చుంటే 'అమ్మ' అవుతుంది. అపార్ట్‌మెంట్ వాళ్ళందర్నీ పిలిచి ఒకసారి చేద్దామని పిల్లలు పట్టుబడుతున్నారు. సెక్రటరీగారు ఇంకా ఒప్పుకోలేదు.

మౌస్ గురించి చెప్పడానికి ఏముంది?

పెద్దగా లేదు. మొదటిది 1964 ప్రాంతంలో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం చేసింది, పైన చెక్క డొప్ప, కింద రెండు చక్రాలు. ఇప్పటివాటి కింద లైటు, చిన్న కెమెరా లాంటి సెన్సర్ ఉంటాయి. బల్ల ఉపరితలాన్ని సెకనుకి వెయ్యికి పైగా ఫోటోలు తీసి, ఎటు కదిలిందో పోల్చుకుంటుంది. అద్దం మీద పెట్టి కదిపించండి. చాలా మౌస్‌లు దారి తప్పుతాయి. ఎందుకో పిల్లల్నే చెప్పనివ్వండి.

టచ్‌స్క్రీన్ ఇన్‌పుట్టా, అవుట్‌పుట్టా?

రెండూ. ఇది స్కూల్లో గొడవపడి వచ్చిన పిల్లలు అడిగే ప్రశ్న. మనం దానికి చెప్పేది ఇన్‌పుట్, అది మనకి చెప్పేది అవుట్‌పుట్ అని గుర్తుంటే ఏ పరికరాన్నైనా వాళ్ళే తేల్చుకుంటారు.

వీటికి తెలుగు పేర్లు నేర్పాలా, ఇంగ్లీషు పేర్లా?

షాపులో ఏమని అడిగితే ఇస్తారో ఆ పేరు నేర్పండి. ర్యామ్ ర్యామే, మౌస్ మౌసే. పని మాత్రం తెలుగులో చెప్పించండి. "ఇది కరెంటు దించి పంచేది", "ఇది మర్చిపోయే పలక" అని పిల్లాడు తన మాటల్లో అంటే వాడికి వచ్చినట్టు. ఎస్‌ఎంపీఎస్‌కి పూర్తి రూపం బట్టీ పట్టించకండి.

మాకు బీచ్ రోడ్డు పక్కనే ఇల్లు. కంప్యూటర్లు ఊరికే పాడవుతున్నాయి. పిల్లలకి ఇందులో నేర్పేదేమైనా ఉందా?

బోలెడు. ఉప్పుగాలి, తేమ కలిసి లోహాన్ని తింటాయి. గేటు చువ్వలు, ఏసీ బయటి డబ్బా ఎలా తుప్పు పడుతున్నాయో పిల్లలు రోజూ చూస్తూనే ఉంటారు. క్యాబినెట్ వెనక స్క్రూలు చూపించండి, అదే రంగు.

వానాకాలం తర్వాత "నిన్నటిదాకా బాగానే ఉందండీ, ఇవాళ లేవట్లేదు" అని షాపుకి వచ్చే కేసుల్లో చాలావాటికి మందు పెన్సిల్ రబ్బరే. ర్యామ్ కింద అంచున బంగారు రంగు పళ్ళుంటాయి, నిజంగానే సన్నటి బంగారు పూత అది. వాటి మీద మురికి పొర పడితే కరెంటు సరిగ్గా దాటదు. ర్యామ్ తీసి, ఆ పళ్ళని రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు దులిపి, రెండువైపులా టక్కుమనేదాకా నొక్కితే లేచి కూర్చుంటుంది. ఈ పని పిల్లల చేత చేయించండి. కంప్యూటర్ బాగుచేశానని ఆ వారమంతా స్కూల్లో చెప్పుకుంటారు. మా షాపు లాభం కొంత తగ్గినా ఫరవాలేదు, ఇప్పుడు ఆ షాపు నాది కాదు.

కంప్యూటర్‌ను సముద్రం వైపు కిటికీకి ఆనించి పెట్టకండి. రోజూ కాసేపు ఆన్ చేస్తే ఆ వేడికి లోపలి తేమ ఆరుతుంది. నెలలతరబడి మూలన పడేస్తేనే ఎక్కువ పాడవుతుంది. మూత తీసినప్పుడు బల్లి గుడ్లు, బొద్దింకలు కూడా రావచ్చు, గట్టిగా అరిచేది పిల్లలు కాదు, మనమే.

ఆడపిల్లకి స్క్రూడ్రైవర్ ఎందుకండీ?

స్క్రూలు విప్పడానికి.

తిరిగి బిగించాక ఆన్ కాకపోతే?

కాదు. మొదటిసారి చాలామందికి కాదు. పిల్లాడి మీద అరవకండి, మీరు కూడా కంగారుపడి స్క్రూడ్రైవర్ లాక్కోకండి. తీసి చూసిన ఆట ఇప్పుడు తిరగేసి ఆడాలి. ఫ్యాన్ తిరుగుతోందా? లేకపోతే కరెంటు దారిలో చూడాలి: ప్లగ్గు, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్, బోర్డుకి వచ్చే పెద్ద వైరు, పవర్ బటన్ సన్న వైర్లు. తిరుగుతోంది గానీ తెర నల్లగా ఉందా? అప్పుడు ర్యామ్, మానిటర్ వైరు. తెర వచ్చింది గానీ డిస్క్ లేదంటోందా? అయితే హార్డ్ డిస్క్ వైర్లు. షాపులో మేం చేసేది కూడా ఇదే. ముప్పావు వంతు రిపేర్లు వదులైన వైరు దగ్గరే తేలిపోతాయని నా అనుభవం.

ఇడ్లీ ప్లేటులో రెండు మూడు స్క్రూలు మిగిలితే కంగారు వద్దు. ఎస్‌ఎంపీఎస్, హార్డ్ డిస్క్ కదలకుండా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇదంతా చేస్తే స్క్రీన్ టైమ్ పెరగదా?

మా గంటన్నర క్లాసులో స్క్రీన్ వెలిగి ఉండేది పావుగంట కూడా ఉండదు. ఐదేళ్ళలోపు పిల్లల గురించి 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది రెండేళ్ళు నిండనివాళ్ళకి తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటొద్దని. పెద్దపిల్లల విషయం మీ ఇంటి పద్ధతి. ఒకటి మాత్రం చూశాను. మానిటర్ వెనక ఏముందో చూసిన పిల్లలు, మానిటర్ ముందు కూర్చున్నప్పుడు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. అది మంచో, మీకు తలనొప్పో చెప్పలేను.

విప్పేసిన తుక్కు ఏం చేయాలి?

ఇంటింటికీ వచ్చే చెత్తబండిలో తడిచెత్త, పొడిచెత్తతో కలిపి వేయకండి. బోర్డుల టంకంలో సీసం ఉండొచ్చు, పాతవాటిలో మరీను. ఎలక్ట్రానిక్ చెత్తకి దేశంలో వేరే నిబంధనలున్నాయి, కొత్తవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. రిజిస్టరైన రీసైక్లర్లకు, లేదా పాతవి వెనక్కి తీసుకునే కంపెనీలకు ఇవ్వాలి. రాగి కోసం వైర్లు కాల్చేవాళ్ళకి ఇవ్వకండి, ఆ పొగ పీల్చేది మళ్ళీ మన పిల్లలే. ఇచ్చేముందు హార్డ్ డిస్క్ తీసి మీ దగ్గర ఉంచుకోండి, లేదా పూర్తిగా చెరిపించండి. అందులో మీ ఆధార్ స్కాన్ నుంచి పెళ్ళి ఫోటోల దాకా ఉంటాయి.

క్యాబినెట్ ఫ్యాన్లు మాత్రం పిల్లలు వదలరు. 12 వోల్టుల ఫ్యాన్‌కి 9 వోల్టుల బ్యాటరీ పెడితే నెమ్మదిగా తిరుగుతుంది, మొహానికి గాలి కొట్టుకుంటారు.

మా పిల్లల్ని మీ దగ్గరికి పంపొచ్చా? ఫీజెంత?

ఫీజు లేదు. చాప మీద పన్నెండు మందికే చోటుంది, అదొక్కటే ఇబ్బంది. పాత బట్టలు వేసి పంపండి, దుమ్ము నల్లగా అంటుతుంది, మరకలు పోవు. పాత కంప్యూటర్ ఉంటే తీసుకురండి. ఇడ్లీ ప్లేటు కూడా, వీలైతే.